మియాటా గేర్ లివర్ ఊగుతుంటే షార్ట్ షిఫ్టర్ వేస్తే సరిపోతుందా?

1989–2005 మధ్య వచ్చిన ఐదు గేర్ల మాజ్డా మియాటా కారులో లివర్ లొడలొడలాడుతుంటే వెంటనే షార్ట్ షిఫ్టర్ (గేరు మార్చేటప్పుడు చేతి కదలికను తగ్గించే లివర్) కొనకండి. లివర్ కింది కొసకు తొడిగే నైలాన్ బుష్ (చిన్న తొడుగు) అరగడం వల్లే చాలాసార్లు ఆ వదులు వస్తుంది. బుష్‌తోపాటు లివర్ చుట్టూ ఉండే చిరిగిన రబ్బరు బూట్లూ (తొడుగులు) మార్చండి, లోపలికి కొట్టే వేడి, మోత తగ్గుతాయి.

న్యూట్రల్‌లో పెట్టి లివర్ పైనున్న నాబ్ (పిడి), సీట్ల మధ్య ఉండే కన్సోల్ విప్పండి. పై బూటు, దాని కింది మూడు బోల్టులు తీస్తే లివర్ పైకి వచ్చేస్తుంది. పాత బుష్ ముక్కలు లోపల మిగలకూడదు. లివర్ కూర్చునే గూటికి గేర్‌బాక్స్‌తో సంబంధం లేకుండా సొంత ఆయిల్ ఉంటుంది. చాలామంది మరిచిపోయేది ఇదే. పాతది సిరంజితో లాగేసి 75డబ్ల్యూ-90 జీఎల్-4 రకం గేర్ ఆయిల్ సుమారు 80–90 మి.లీ. పోయండి. గూడు అల్యూమినియం కాబట్టి బోల్టులు అతిగా బిగిస్తే మరలు పోతాయి.

అప్పటికీ లివర్ దూరం కదులుతోందనిపిస్తేనే షార్ట్ షిఫ్టర్. అందులో పివట్‌కు (లివర్ తిరిగే బిందువుకు) కింది భాగం పొడవు కావడంతో చేతి కదలిక తగ్గుతుంది, బలం మాత్రం ఎక్కువ పెట్టాలి. చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు గరగరమంటే షార్ట్ షిఫ్టర్ వద్దనే నా మాట: సింక్రో (గేర్ల వేగాలను కలిపే భాగం) అరిగి ఉండొచ్చు, తొందరగా తోస్తే అది పనిచేసే వ్యవధి ఇంకా తగ్గుతుంది.