60 వేల కెమెరా కొనే ముందు మిర్చి కల్లానికి పంపండి

ప్రశ్న: మా అబ్బాయి బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఫొటోలు తీసి ఆన్‌లైన్‌లో అమ్ముకుంటే ఉద్యోగం అక్కర్లేదంటూ 60 వేల రూపాయల కెమెరా కావాలని పట్టుబట్టాడు. నిజంగా అందులో అంత డబ్బుందా? కొనివ్వమంటారా?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: కెమెరా ఇప్పుడే కొనకండి. అలాగని అబ్బాయి ఉత్సాహం మీద నీళ్లూ చల్లకండి. అతను చెబుతున్నది మోసం కాదు. షట్టర్‌స్టాక్, అడోబ్ స్టాక్, ఐస్టాక్ వంటి సంస్థలు మన ఫొటోలను తమ దగ్గర ఉంచి, ప్రకటనలకో పుస్తకాలకో వాడుకునే హక్కును అమ్మిపెడతాయి. ఫొటో మన సొంతంగానే ఉంటుంది. ఒకే ఫొటోను ఎందరైనా కొనవచ్చు, కొన్న ప్రతిసారీ మనకు వాటా వస్తుంది. చేరడానికి పైసా కట్టనక్కర్లేదు. రిజిస్ట్రేషన్ ఫీజు అడిగేవాళ్లు ఎదురైతే అక్కడి నుంచి లేచి వచ్చేయమనండి.

చిక్కంతా ఆ వాటా దగ్గరే. అడోబ్ స్టాక్ ఫొటోలకు 33 శాతం ఇస్తుంది. షట్టర్‌స్టాక్‌లో 15 శాతంతో మొదలై, డౌన్‌లోడ్లు పెరిగేకొద్దీ 40 దాకా వెళ్తుంది. జనవరి 1 రాగానే ఎంత పాతకాపులైనా మళ్లీ కింది మెట్టుకు దిగాల్సిందే. చందా కట్టిన కొనుగోలుదారు తీసుకున్న ఫొటోకు ఒక్కోసారి పది సెంట్లే దక్కుతాయి, అంటే ఎనిమిదో తొమ్మిదో రూపాయలు. ఆ లెక్కన మీ 60 వేలు తిరిగి రావాలంటే దాదాపు ఏడు వేల డౌన్‌లోడ్లు కావాలి. బీకాం విద్యార్థి కదా, ఈ లెక్క అతని చేతే కాగితం మీద వేయించండి.

ఇక ఏం తీయాలన్నది. సూర్యలంక బీచ్‌లో సూర్యోదయం, కాఫీ కప్పు, గులాబీ మీద నీటిచుక్క... ఇవి ఆ సైట్లలో లక్షల్లో ఉన్నాయి. పైగా ఇప్పుడు కృత్రిమ మేధ ఇలాంటి బొమ్మలను క్షణాల్లో గీసి ఇస్తోంది. దానికి తెలియనిది మీ చుట్టుపక్కలే ఉంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంటూరు చుట్టూ మిర్చి కల్లాలు ఎర్రగా పరుచుకుని ఉంటాయి. పొద్దున్నే వెళ్తే కూలీ అక్కలు వరుసగా కూర్చుని తాలు కాయలు ఏరుతూ కనిపిస్తారు. ఎర్రటి రాశిలోంచి తెల్లబారిన కాయను తీస్తున్న ఆ చేతుల్ని దగ్గరగా తీసి, ఒక పక్క అక్షరాలు వేసుకోవడానికి ఖాళీ వదిలితే చాలు. మసాలా పొట్లానికి అట్ట డిజైన్ చేసే మనిషి వెతికేది సరిగ్గా అలాంటి ఫొటోనే. ముఖం గుర్తుపట్టేలా పడితే మాత్రం మోడల్ రిలీజ్ అనే అనుమతి పత్రం మీద ఆమె సంతకం ఉండాలి, అదేమిటో ఆమెకు తెలుగులో చదివి వినిపించాకే. గోతం మీద వ్యాపారి ముద్ర ఉన్నా ప్రకటనలకు పనికిరాదంటారు. నాలుగు మెగాపిక్సెళ్లు ఉంటే తీసుకుంటారు కాబట్టి పగటి వెలుగులో ఇప్పుడున్న ఫోనే సరిపోతుంది. చీకట్లో తీసి చుక్కలు చుక్కలుగా వచ్చినవి ఎలాగూ తిరగ్గొడతారు.

చాలామంది పిల్లలు బోల్తా పడేది ఫొటో తీయడంలో కాదు, దానికి పేరు, కీవర్డ్‌లు (వెతికితే దొరికేలా ఫొటోకు జోడించే మాటలు) పెట్టడంలో. కొనేవాడు ఇంగ్లిషులో వెతుకుతాడు. ‘ఎరుపు, అందం, ప్రకృతి’ అని రాస్తే ఆ ఫొటో సముద్రంలో కాకిరెట్టే. గుంటూరు, ఎండుమిర్చి, కాయలు ఏరడం, మహిళా కూలీ, కల్లం అన్న మాటలకు సరైన ఇంగ్లిషు పదాలు వెతికి, ముఖ్యమైనవి ముందు రాయాలి. అడోబ్‌లో 49 పదాల దాకా ఇవ్వవచ్చు, మొదటి పదింటికి విలువ ఎక్కువ. సంక్రాంతి ముగ్గుల ఫొటోలు సంక్రాంతి నాడు పెడితే ఎవరికి కావాలి? రెండు మూడు నెలల ముందే అక్కడ ఉండాలి. అంటే ఈ ఏడాది తీసినవి వచ్చే ఏడాదికన్నమాట.

ఖాతా తెరవడానికి 18 ఏళ్లు నిండాలి. డబ్ల్యూ-8బెన్ అనే అమెరికా పన్ను పత్రం నింపుతూ అందులో పాన్ నంబరు ఇవ్వాలి. అది లేకపోతే అమెరికాలో అమ్ముడైన వాటిపై 30 శాతం కోస్తారు. భారత్‌తో ఉన్న ఒప్పందం వల్ల అది 15కు తగ్గుతుంది.

ఉద్యోగం అక్కర్లేదన్న మాటను మాత్రం పక్కన పెట్టించండి, డిగ్రీ పూర్తి కానివ్వండి. ఈ పనిలో చేయి తిరిగితే అసలు డబ్బు వేరే చోట దొరుకుతుంది. మంగళగిరి చీరలు, పచ్చళ్లు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకు వస్తువుల ఫొటోలు కావాలి. వాళ్లు సెంట్లలో కాదు, రూపాయల్లో, పని పూర్తవగానే ఇస్తారు. వాళ్లకు చూపించడానికి అతని దగ్గర ఇప్పుడు ఏమీ లేదు. స్టాక్ సైట్లు ఏరి తీసుకున్న రెండు వందల ఫొటోలు ఉంటే అవే చూపించవచ్చు.

అడోబ్ స్టాక్‌లో 25 డాలర్లు పోగయ్యాకే డబ్బు తీసుకోనిస్తారు. ఆ మొదటి 25 డాలర్లు చేతికి అందిన రోజు కెమెరా మాట మళ్లీ ఎత్తమనండి. అప్పుడైనా కొత్తది వద్దు. షట్టర్ ఎన్నిసార్లు పడిందో, అంటే దానితో ఇప్పటికే ఎన్ని ఫొటోలు తీశారో చూసుకుని, వాడిన కెమెరా ఒకటి మంచి లెన్సుతో తీసుకుంటే చాలు.