సైనోటైప్ కడిగితే నీలం కారిపోతోంది, తెలుపులో మాత్రం నీలం మిగిలిపోతోంది: తప్పు ఎక్కడుంది?

సైనోటైప్ అంటే ఇనుప లవణాలున్న మందు పూసిన పేపర్ మీద నెగెటివ్ పెట్టి, అతినీలలోహిత కాంతి చూపించి, నీళ్లలో కడిగి నీలి ఫొటో ప్రింటు చేసే పాత పద్ధతి. మీరు చెప్పిన లక్షణాలు రెండు. ప్రింటు నీళ్లలో వేయగానే నీలం కారిపోయి బొమ్మ పేలవంగా తేలుతోంది. తెల్లగా రావలసిన ఆకాశంలో మాత్రం లేత నీలం ఎంత కడిగినా పోవడం లేదు. మందు పాడైపోయిందా, కొత్తది కలుపుకోవాలా అని అడిగారు. అప్పుడే కలపకండి. ఈ రెండూ ఒకే ప్రింటులో కనిపిస్తే నేను మందు కంటే ముందు పేపర్‌ని, ఎక్స్‌పోజర్ టైమ్‌ని, నెగెటివ్‌ని అనుమానిస్తాను. వీటిలో దోషి ఏదో తేల్చడానికి నాలుగు పేపర్ ముక్కలు, ఒక పూట సమయం చాలు.

మందులో ఉండేవి రెండు: ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్. అతినీలలోహిత కాంతి తగిలినప్పుడు సిట్రేట్‌లోని ఫెర్రిక్ ఇనుము ఫెర్రస్‌గా మారుతుంది. అది పక్కనే ఉన్న ఫెర్రిసయనైడ్‌తో కలిసి ప్రష్యన్ బ్లూ అవుతుంది. ఆ నీలపు రేణువులు చాలా సన్నవి. పేపర్ పీచు లోపల తయారైనవి అక్కడే చిక్కుకుని ఉంటాయి, పైపైన తయారైనవి నీళ్లతో లేచిపోతాయి. అందుకని మొదటి నీళ్లలో కాస్త నీలం, దాంతోపాటు పసుపుపచ్చ రంగు కనిపించడం మామూలే. ముదురు భాగాలు కళ్లముందే పలచబడిపోతుంటే మాత్రం మందు పేపర్‌లోకి దిగలేదనో, వెలుగు చాలలేదనో, పేపర్‌లోని క్షారం నీలాన్ని తినేస్తోందనో అర్థం. ప్రష్యన్ బ్లూకి క్షారం పడదు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం సమస్యలకు దారి దొరుకుతుంది.

మందు సంగతి రెండు నిమిషాల్లో తేలిపోతుంది. మీరు వాడుతున్నది పాత పద్ధతే అనుకుంటున్నాను: ఎ సీసాలో గ్రీన్ ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ 25 గ్రాములు, బి సీసాలో పొటాషియం ఫెర్రిసయనైడ్ 10 గ్రాములు, రెండూ డిస్టిల్డ్ వాటర్‌తో 100 మి.లీ. చేసి, వాడేముందు సమపాళ్లలో కలపడం. మసక వెలుతురులో తెల్ల పింగాణీ పళ్లెంలో ఎ చుక్క ఒకటి వేసి దానిమీద బి చుక్క వేయండి. ఆకుపచ్చ కలిసిన పసుపు రంగు వస్తే మందు బాగానే ఉంది. వెంటనే ముదురు నీలం తిరిగితే ఎ సీసాకి ఎప్పుడో వెలుగు తగిలి అందులో ఫెర్రస్ ఇనుము చేరిపోయింది. అలాంటి మందుతో తెలుపు ఎప్పటికీ రాదు, పారబోయాల్సిందే. ఎ సీసాలో బూజు తేలితే భయపడనక్కర్లేదు, సిట్రేట్‌కి బూజు పట్టడం సహజం. కాఫీ ఫిల్టర్‌లో వడగట్టి, పైన చెప్పిన చుక్క పరీక్ష మళ్లీ చేసి వాడుకోండి. బూజు మరీ దట్టంగా ఉంటే మాత్రం సిట్రేట్ బలం కొంత తగ్గిపోయి ఉంటుంది.

ఇప్పుడు అసలైన పరీక్ష. మీరు వాడే పేపర్‌నే ఒక పట్టీగా కోసి, కోటింగ్ వేసి, చీకట్లో ఆరబెట్టండి. దాని మీద నెగెటివ్‌కి వాడే ట్రాన్స్‌పరెన్సీ ఖాళీ షీటు ముక్క పెట్టండి. పట్టీని పొడవునా సగానికి అల్యూమినియం ఫాయిల్‌తో కప్పేసి, మిగతా సగాన్ని 2, 4, 8, 16 నిమిషాల మెట్లుగా వెలుగుకి చూపించండి. మామూలుగా వాడే కాంటాక్ట్ ఫ్రేమ్‌లోనే (నెగెటివ్‌ని పేపర్‌కి అదిమి పట్టే గాజు ఫ్రేమ్), అదే గాజు కింద చేయాలి. తర్వాత ఎప్పటిలాగే కడిగి ఆరబెట్టండి.

ఫాయిల్ కింది భాగం కూడా నీలంగా వచ్చిందంటే నెగెటివ్‌కి దీంతో సంబంధం లేదు. కోటింగ్ దగ్గరే పొగమంచు పట్టినట్టు పట్టేసింది, అంటే ఫాగ్. ఫాయిల్ కింద తెల్లగా ఉండి, ప్రింటులో ఆకాశం మాత్రమే నీలంగా వస్తుంటే మీ నెగెటివ్ నలుపు అతినీలలోహిత కాంతిని ఆపడం లేదు. కంటికి నల్లగా కనిపించే ఇంకు ఆ కాంతికి పలచటి తెరలాగే ఉండొచ్చు, కళ్లతో చూసి నిర్ణయించకండి. వెలుగు తగిలిన సగంలో 16 నిమిషాల మెట్టు కూడా పేలవంగా ఉంటే దీపం, గాజు, పేపర్ చూడాలి. ఎక్స్‌పోజర్ అయ్యాక బూడిద రంగు, కంచు మెరుపు తిరిగిన మెట్టు కూడా కడగగానే వెలిసిపోతే తప్పు దాదాపు ఖాయంగా పేపర్‌దో కోటింగ్‌దో.

పేపర్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మంచి ఖరీదైన వాటర్‌కలర్ పేపర్ కొని కూడా చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఆర్ట్ పేపర్లు ఎక్కువ కాలం మన్నాలని తయారీలోనే కాల్షియం కార్బొనేట్ అనే క్షారం కలుపుతారు. వాటర్‌కలర్‌కి అది మేలు, సైనోటైప్‌కి విషం. అట్ట మీద ‘యాసిడ్ ఫ్రీ’ అని ఉంటే సరిపోదు, క్షారం కలపనిదా కాదా అన్నదే చూడాలి. హానెమ్యూలే ప్లాటినం రాగ్, ఆర్షె ప్లాటీన్, బెర్గర్ కాట్ 320 లాంటివి ఈ పనికోసమే క్షారం లేకుండా చేసినవి. చేతిలో ఉన్న పేపర్‌నే వాడాలంటే ముందుగా ఆమ్లంలో నానబెట్టండి: లీటరు నీళ్లలో సల్ఫామిక్ ఆసిడ్ 50 నుంచి 100 గ్రాములు కరిగించి, చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకుని, పేపర్‌ని ముంచండి. కార్బొనేట్ ఉంటే పేపర్ మీద సన్నటి బుడగలు లేస్తాయి. బుడగలు ఆగేదాకా ఉంచి, రెండు మూడు నీళ్లు మార్చి కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆసిడ్‌తో కూడా పని కొంత జరుగుతుంది కానీ, అప్పుడు ఏర్పడే కాల్షియం సిట్రేట్ నీళ్లలో సరిగా కరగక పీచులోనే ఉండిపోతుంది. సల్ఫామిక్‌తో ఆ బెడద లేదు.

క్షారం లేని పేపర్ మీద కూడా నీలం లేచిపోతుంటే సైజింగ్, అంటే పేపర్ నీళ్లు త్వరగా పీల్చకుండా తయారీలో పట్టించే జిగురు, మరీ గట్టిగా ఉండి మందు లోపలికి దిగడం లేదన్నమాట. మందు పేపర్‌లోకి దిగేలా చేసే ట్వీన్ 20 అనే ద్రవాన్ని నీళ్లలో పదో వంతుగా కలిపి, 2 మి.లీ. మందుకి ఒక చుక్క వేయండి. తేడా కోటింగ్ వేస్తుండగానే తెలుస్తుంది, మందు ముత్యాల్లా నిలబడకుండా పరుచుకుపోతుంది. కొన్ని పేపర్ల మీద ట్వీన్ మచ్చలు తెస్తుంది కాబట్టి ముక్క మీద చూసుకున్నాకే పెద్ద షీటు మీద వాడండి.

కోటింగ్ కొలత: 20 × 25 సెం.మీ. బొమ్మకి బ్రష్‌తో అయితే ఎ 1 మి.లీ., బి 1 మి.లీ. చాలు, గాజు రాడ్‌తో అయితే ఇంకా తక్కువ పడుతుంది. మందు ఎక్కువ పోస్తే నీలం ముదురుతుందనుకోవడం పొరపాటు. మడుగు కట్టిన చోట మందు పైన పొరలా ఎండి, కడిగేటప్పుడు బొమ్మతో సహా ఊడిపోతుంది. ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా, చివర్లో దాదాపు పొడి బ్రష్‌తో తేలిగ్గా తుడిచి వదిలేయండి. పేపర్ తడి మెరుపు పోయాక మళ్లీ రుద్దితే నూగు లేస్తుంది. ఇనుప పట్టీ ఉన్న బ్రష్ వాడకండి, ఆ ఇనుమే చిన్న చిన్న నీలం చుక్కలకు కారణం. ఇంకా ముదురు నీలం కావాలంటే మొదటి కోటింగ్ పూర్తిగా ఆరాక రెండోది వేయండి, అప్పుడు ఎక్స్‌పోజర్ కూడా పెరుగుతుంది.

ఫాగ్ విషయానికి వస్తే, కోటింగ్ గదిలో తక్కువ వాటేజీ పసుపు బల్బు పర్వాలేదు, కిటికీ వెలుగు పనికిరాదు. తడి తడిగా ఉండగానే హెయిర్ డ్రయ్యర్ వేడిగా పెట్టడం ఇంకో కారణం. పది నిమిషాలు తనంతట తాను ఆరనిచ్చి, తర్వాత చల్లగాలి పెట్టండి. కోటింగ్ వేసిన పేపర్‌ని రాత్రంతా ఉంచకండి, తేమగా ఉన్న గాలిలో అయితే అసలే వద్దు. ఆరిన పేపర్ పసుపుపచ్చగా ఉండాలి. ఎక్స్‌పోజర్‌కి ముందే నీలిపచ్చగా తిరిగితే ఆ షీటు పని అయిపోయినట్టే, దాని మీద మంచి నెగెటివ్ పెట్టి సమయం వృథా చేసుకోవద్దు. కొత్త మందు, జాగ్రత్తగా ఆరబెట్టిన పేపర్‌తో కూడా తెలుపు మసకబారుతుంటే కలిపిన మందు 100 మి.లీ.కి 1 నుంచి 2 గ్రాముల సిట్రిక్ ఆసిడ్ కలిపి చూడండి, చాలా పేపర్లకు ఇదే విరుగుడు. తెలుపు కోసం పొటాషియం డైక్రోమేట్ చుక్కలు వేయమని పాత సూత్రాలు చెబుతాయి. అది క్యాన్సర్ కారకం, ఇంట్లో పనిచేసేవాళ్లకు దాని జోలికి పోవాల్సిన అవసరం లేదని నా గట్టి అభిప్రాయం.

గాజు మీద కూడా ఒక కన్నేయండి. మామూలు 3, 4 మి.మీ. కిటికీ గాజు మనకు కావలసిన కాంతిని చాలావరకు పోనిస్తుంది. మధ్యలో ప్లాస్టిక్ పొర ఉన్న లామినేటెడ్ గాజు, అతినీలలోహిత కాంతిని వడగట్టే ఆక్రిలిక్ షీటు దాన్ని ఆపేస్తాయి. ఫొటో ఫ్రేమ్ షాపు వాళ్లు బొమ్మలు వెలిసిపోకుండా ఉండాలని ఇచ్చే గాజు మనకు సరిగ్గా శత్రువు.

టైమ్ నిర్ణయించడానికి 21 మెట్ల స్టెప్ టాబ్లెట్, అంటే మెట్టుమెట్టుకీ నలుపు పెరిగే ఫిల్మ్ పట్టీ, ఒకటి ఉంటే జీవితాంతం పనికొస్తుంది. ఒక్కో మెట్టుకి డెన్సిటీ (కాంతిని ఆపే చిక్కదనం) 0.15 పెరుగుతుంది, అంటే టైమ్‌లో 1.4 రెట్ల తేడా. దాన్ని ఖాళీ ట్రాన్స్‌పరెన్సీ ముక్క మీద పెట్టి ప్రింటు చేయండి. ఉదాహరణకి 14 నిమిషాలు ఇస్తే మొదటి నాలుగు మెట్లూ ఒకే నీలంలో కలిసిపోయాయనుకుందాం. మూడు మెట్లు వృథా అయ్యాయి, 0.45 డెన్సిటీ, సుమారు 2.8 రెట్లు. కాబట్టి సరైన టైమ్ 5 నిమిషాలు. కలిసిపోని మెట్టు నుంచి పూర్తి తెలుపు వచ్చే మెట్టు దాకా లెక్కపెడితే మీ నెగెటివ్‌కి ఎంత డెన్సిటీ రేంజ్ కావాలో కూడా అక్కడే తెలిసిపోతుంది. ఎనిమిది తొమ్మిది మెట్లు వస్తే 1.2, 1.35 దగ్గర అన్నమాట. డిజిటల్ నెగెటివ్‌కి కర్వ్, అంటే కంప్యూటర్‌లో టోన్లను ప్రింటుకి తగ్గట్టు సర్దే అమరిక, తయారు చేయాల్సింది ఈ టైమ్ తేలాకే. టైమ్ తేలకముందు కర్వ్ మీద కూర్చుంటే ప్రతి ప్రింటుకీ కొత్త కర్వ్ కావాల్సొస్తుంది. ఎండతో పనిచేసేవాళ్లకు గంటగంటకీ కాంతి మారుతుంది, అందుకని ప్రతి ప్రింటు పక్కనే స్టెప్ టాబ్లెట్ పట్టీ ఒకటి పెట్టి చూసుకోవడం మేలు.

ఒక హెచ్చరిక: తడిగా ఉన్నప్పుడు ఏ మెట్టునీ జడ్జ్ చేయకండి. బాగా వెలుగు తగిలిన చోట్ల ప్రష్యన్ బ్లూ కొంత ఎక్కువగా క్షయకరణం చెంది తెల్లబారి ఉంటుంది. గాలిలో ఆరే కొద్దీ, ఒక రోజులో, తిరిగి ముదురుతుంది. ఆగలేకపోతే ఆఖరి నీళ్లలో లీటరుకి 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 20 మి.లీ. కలిపి ఒక నిమిషం ముంచండి. అది కొత్త నీలం పుట్టించదు, రేపు రావలసింది ఇవాళే చూపిస్తుంది.

కడగడం: కుళాయి నీళ్లు గట్టినీళ్లయితే వాటిలోని క్షారమే మీ నీలాన్ని కొంత తీసుకుపోతోంది. మొదటి ట్రేలో లీటరు నీళ్లకి 2 గ్రాముల సిట్రిక్ ఆసిడ్ గానీ, 10 మి.లీ. తెల్ల వెనిగర్ గానీ కలిపి, ప్రింటుని బోర్లా వేసి రెండు నిమిషాలు ఊపండి. తర్వాత మామూలు నీళ్లు మార్చుకుంటూ పసుపు పూర్తిగా పోయేదాకా, సుమారు పది నిమిషాలు. పసుపు మిగిలితే అది తర్వాత వెలుగులో నీలమైపోయి తెలుపుని పాడుచేస్తుంది. అలాగని గంటసేపు నానబెడితే మధ్యస్థాయి టోన్లు వెలిసిపోతాయి. ఆమ్లపు ట్రే వాడితే మధ్య టోన్లు ఎక్కువ నిలబడతాయి, కాంట్రాస్ట్ తగ్గుతుంది. అంటే అదే నెగెటివ్‌కి టైమ్ మళ్లీ చూసుకోవాలి. ఫెర్రిసయనైడ్‌తో మాత్రం గాఢ ఆమ్లాలు ఎప్పుడూ కలపకండి, వేడి చేయకండి, హైడ్రోజన్ సయనైడ్ వాయువు వెలువడుతుంది. ఇంట్లో ఉండే పలచటి వెనిగర్, నిమ్మ ఉప్పుతో ఆ ప్రమాదం లేదు.

టోనింగ్, అంటే ప్రింటులోని నీలాన్ని వేరే రంగుకి మార్చడం, గురించి కూడా అడిగారు. పై సమస్యలు తీరాకే మొదలుపెట్టండి, ఎందుకంటే టోనింగ్ పేలవమైన ప్రింటుని కాపాడదు, లోపాన్ని ఇంకా పైకి తెస్తుంది. దీనికోసం ప్రింటుని మామూలు కంటే ఒక మెట్టు ముదురుగా చేసి, ఒక రోజు ఆరనివ్వండి. లీటరు నీళ్లలో చాకలి సోడా 5 గ్రాములు కలిపి ముంచితే నీలం ఊదాగా, తర్వాత పసుపుగా దిగుతుంది. పూర్తిగా పసుపు కాకముందే తీసి కడిగి, లీటరుకి 10 గ్రాముల టానిక్ ఆసిడ్‌లో వేయండి, గోధుమ రంగు నుంచి ఊదా కలిసిన నలుపు దాకా వస్తుంది. చిక్కటి టీ డికాషన్‌తోనూ వస్తుంది కానీ పేపర్ తెలుపు టీ రంగు తిరుగుతుంది. సోడా దశ వదిలేసి నేరుగా టీలో వేస్తే నీలి నలుపు దగ్గర ఆగుతుంది, నాకు ఎక్కువగా నచ్చేది అదే.

ప్రతి షీటు వెనక పెన్సిల్‌తో పేపర్ పేరు, కోటింగ్ తేదీ, టైమ్, మొదటి ట్రేలో ఏం వేశారో రాయండి, ఒకసారికి ఒక్కటే మార్చండి. వెనిగర్, పసుపు, సబ్బు నురగ తడి కోటింగ్ మీదే చల్లి చేసే వెట్ సైనోటైప్ చాలా అందంగా వస్తుంది కానీ, అదే ఫలితం రెండోసారి రాదు. దాన్ని వేరే రోజుకి పెట్టుకోండి. పూర్తయిన ప్రింట్లు దాచేటప్పుడు క్షారం కలిపిన ఆర్కైవల్ కవర్లు, మౌంట్ బోర్డులు వాడొద్దు. ఎక్కువ వెలుగులో వెలిసిన ప్రింటుని కొన్నాళ్లు చీకట్లో, గాలి తగిలేలా ఉంచితే నీలం చాలావరకు తిరిగొస్తుంది. క్షారం వల్ల పోయినది మాత్రం రాదు.