కెమికల్ చదివే అమ్మాయికి డేటా సైన్స్ తప్పదా?

ప్రశ్న: మా అమ్మాయి కెమికల్ ఇంజినీరింగ్ మూడో ఏడాది. ఉత్ప్రేరక రియాక్టర్లలో వ్యాపనం, దాని మ్యాథమెటికల్ మోడలింగ్ అంటూ అందులోనే ఎంటెక్, పీహెచ్‌డీ చేస్తానంటోంది. మా బావమరిది కొడుకు సివిల్ చదివి, ఆరు నెలల డేటా సైన్స్ కోర్సుతో సాఫ్ట్‌వేర్‌లో చేరాడు. ఏది మేలో పోల్చి చెప్పండి. – ఒక తండ్రి, కాకినాడ

జవాబు: మీ పూర్తి ఉత్తరంలో బావమరిది కొడుకు జీతం రెండుసార్లు వచ్చింది. అమ్మాయి మార్కులు ఒక్కసారీ రాలేదు. పీహెచ్‌డీ అయ్యేసరికి వయసు మీరుతుందని, అప్పటికీ ఉద్యోగం రాకపోతే ఎలాగని మీ టెన్షన్. రాయకపోయినా తెలుస్తూనే ఉందండీ.

ముందు ఆ పిల్ల చెబుతున్నదేంటో వినండి. రియాక్టర్ గొట్టాల్లో ఉత్ప్రేరకంతో, అంటే రసాయన చర్యను వేగం చేసే పదార్థంతో, చేసిన శనగగింజంత గుళికలుంటాయి. గ్యాస్ వాటి సన్నని రంధ్రాల గుండా లోపలికి చేరాలి, అదే వ్యాపనం. మైసూరు బోండా తెలుసుగా, నూనె మరీ కాగితే పైన ఎర్రబడి లోపల పిండి పచ్చిగానే ఉంటుంది. ఇక్కడా అంతే. చర్య వేగం ఎక్కువైతే గ్యాస్ పైపొరలోనే అయిపోతుంది, లోపలి ఉత్ప్రేరకం దండగ. చర్యకూ వ్యాపనానికీ మధ్య ఈ పోటీని 1939లో థీలే అనే కెమికల్ ఇంజినీర్ ఒక్క సంఖ్యలో పెట్టాడు. అది 10 ఉంటే, సాదా లెక్కలో, దక్కేది గుళిక సత్తాలో పదోవంతే. ఎరువుల ఫ్యాక్టరీల్లో హైడ్రోజన్ తీసే రిఫార్మర్ గుళికలకు చిల్లులు పెట్టేది కూడా గ్యాస్‌కు దారి దగ్గర కావాలనే.

ఇక డేటా సైన్స్. నాకు దాని మీద కోపం లేదు, ఆరు నెలల కోర్సుల మీద మాత్రం అనుమానం ఉంది. ఒక ప్లాంటు ఏళ్లతరబడి మూడు మిల్లీమీటర్ల గుళికతోనే నడిచిందనుకోండి. ఒకటిన్నర వేస్తే ఏమవుతుందో ఆ డేటాలో ఎక్కడుంటుంది? థీలే సంఖ్య సగమవుతుంది, గుళిక బాగా పనిచేస్తుంది, కానీ గొట్టంలో ప్రెషర్ డ్రాప్ (గ్యాస్ దాటేలోగా తగ్గే ఒత్తిడి) పెరిగి కంప్రెసర్ ఖర్చు మీద పడుతుంది. ఇది చెప్పగలిగేది సమీకరణం రాయడం వచ్చినవాళ్లే. ఆ సమీకరణాన్ని పైథాన్‌లో సాధించే పిల్ల రేపు డేటా సైన్స్‌లోకి వెళ్లాలనుకుంటే వెళ్లగలదు. అటునుంచి ఇటు రావడం చాలా కష్టం.

ఉద్యోగాలు తక్కువే, అబద్ధం చెప్పను. బీటెక్‌తో ఈ పని దొరకదు. అయితే హైదరాబాద్ తార్నాకలో కెమికల్ టెక్నాలజీ పరిశోధన సంస్థ ఐఐసీటీ, పుణెలో నేషనల్ కెమికల్ లేబొరేటరీ (ఎన్‌సీఎల్), ఫరీదాబాద్‌లో ఇండియన్ ఆయిల్ పరిశోధన కేంద్రం ఉన్నాయి. హైదరాబాద్ చుట్టుపక్కల మందుల కంపెనీల్లో ఫ్లాస్కులో చక్కగా జరిగిన హైడ్రోజనేషన్ (హైడ్రోజన్ కలిపే చర్య) పెద్ద రియాక్టర్‌లో నత్తనడక నడిస్తే, హైడ్రోజన్ ఉత్ప్రేరకం దాకా చేరుతోందా అని లెక్కగట్టే మనిషి కావాలి. ముందు ఎంటెక్ చేయనివ్వండి. పీహెచ్‌డీ మాట ఆ రెండేళ్ల తర్వాత చూసుకోవచ్చు. ఈలోగా సంబంధాల గొడవ ఎత్తకండి.

పోలిక అడిగారు, సగమే చెప్పాను. మిగతా సగం మీ చేతిలో ఉంది. ప్రాజెక్టులో కోడ్ తనే రాసిందా, సాఫ్ట్‌వేర్‌లో బటన్లు నొక్కిందా అని అడగండి. తనే రాస్తే, గ్రిడ్, అంటే లెక్క కోసం గుళికను విడగొట్టిన ముక్కల సంఖ్య, రెట్టింపు చేసినప్పుడు జవాబు మారిందా అని అడగండి. ఏమందో నాకు రాయండి. ఈసారి బావమరిది కొడుకు జీతం అక్కర్లేదు.