కార్బరేటర్ జోలికి తర్వాత వెళ్దువు, ముందు టాంకు చూడు

చిన్నోడా,

నువ్వు పంపిన వీడియో నాలుగైదుసార్లు చూశాను. రెండో లాగుడుకే నీ పాత పడవ మోటారు అందుకుంది. అర నిమిషం ముచ్చటగా తిరిగింది. ఆ తర్వాత ఊపిరాడనట్టు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. నువ్వు మళ్ళీ పదిసార్లు తాడు లాగావు, పలకలేదు. అంతవరకూ బాగానే ఉంది. చివర్లో బల్ల మీద కార్బరేటర్ విప్పడానికి పానాలు వరసగా పేర్చి ఉన్నాయే, అవి చూసే నిద్ర మానుకుని ఇది రాస్తున్నాను. పానాలు పెట్టెలో పెట్టెయ్.

నీ మోటారు ప్లేటు మీద సీడీ-13 అని ఉంది. అంటే 1956 నాటి జాన్సన్ కంపెనీది, అయిదున్నర గుర్రాల శక్తిది. దానికి పెట్రోలు పంపు లేదు. ఇది నీ బుర్రకెక్కితే సగం పని అయినట్టే. పిస్టన్ల వెనక ఉండే క్రాంక్‌కేసు గదిలోంచి గాలి ఒక గొట్టం గుండా టాంకులోకి వెళ్ళి పెట్రోలు నెత్తిన కూర్చుంటుంది. ఆ ఒత్తిడికి పెట్రోలు రెండో గొట్టంలోంచి కార్బరేటర్‌కి ఎక్కుతుంది. టాంకు నుంచి మోటారుకి ఉన్న ఆ జంట గొట్టం అందుకే. టాంకు మీది బొత్తాం నాలుగైదుసార్లు నొక్కుతావు కదా, దాంతో కార్బరేటర్ గిన్నె నిండుతుంది. నీ అర నిమిషం ఆ గిన్నెడు పెట్రోలుదే. అది అయిపోయేలోపు టాంకులో ఒత్తిడి పుట్టి కొత్త పెట్రోలు రావాలి, రావడం లేదు.

ఇది నా ఊహే. నిజమో కాదో తేల్చుకోవడం తేలిక. మోటారు స్టార్ట్ చెయ్యి. దగ్గడం మొదలవగానే టాంకు బొత్తాం నొక్కుతూ ఉండు. నొక్కినంతసేపూ తిరిగి, మానగానే ఆగిపోయిందంటే కార్బరేటర్ తప్పేం లేదు. తప్పు టాంకుది, లేదా గొట్టానిది.

అప్పుడు ఒక గిన్నెలో సబ్బునీళ్ళు కలుపుకుని, టాంకు మూతల చుట్టూ, బొత్తాం ఉన్న పళ్ళెం అంచు చుట్టూ, గొట్టం కొస దగ్గరా కుంచెతో పూసి మోటారు తిప్పు. గాలి ఎక్కడ తప్పించుకుపోతుంటే అక్కడ బుడగలు వస్తాయి, సైకిల్ ట్యూబు పంక్చర్‌కి వచ్చినట్టే. గాస్కెట్, అంటే అతుకులో గాలి పోకుండా వేసే పట్టీ, గట్టిపడి ఉంటుంది, లేదా గొట్టం కొసన ఉండే రబ్బరు రింగులు ఎండిపోయి ఉంటాయి. ఆ రింగులు కందిగింజ పాటి చెయ్యవు, మోటారు మొత్తాన్ని ఆపేస్తాయి. ఒక్క సంగతి మరిచిపోకు. అది ఒత్తిడి ఉన్న టాంకు. మోటారు ఆపిన వెంటనే మూత ఒక్కసారిగా తిప్పకు, పెట్రోలు మొహం మీదికి చిమ్ముతుంది. మెల్లగా వదులు చేసి, బుస్సుమనే చప్పుడు ఆగాక తియ్యి. ఈ పనంతా ఆరుబయట చెయ్యి, గ్యారేజీలో కాదు.

టాంకు గురించి ఇంత సాగదీయడానికి కారణం ఉంది. పాతికేళ్ళ వయసులో జగన్నాథపురంలో ఒకాయన బోటు మోటారు ఇలాగే మధ్యలో ఆగిపోతోందని తెస్తే మూడు రోజుల్లో మూడుసార్లు కార్బరేటర్ విప్పాను. జెట్లు కడిగాను, గిన్నెలో తేలే ఫ్లోటు మార్చాను, ఆయనకి డబ్బు ఖర్చు పెట్టించాను. మూడో రోజు ఆయనతో కూడా సముద్రంలోకి వెళ్తే అప్పుడు కనపడింది: టాంకు మూత మీద గాలి పోయే చిన్న మర బిగించేసి ఉంది. ఆ మోటారుకి సొంత పంపు ఉంది, గాలి లోపలికి రాకపోతే పెట్రోలు లాక్కోలేదు. వేలితో అర చుట్టు తిప్పితే తీరిపోయే రోగం. అప్పటినుంచీ ఏ మోటారు ఆగినా నా చెయ్యి ముందు టాంకు మూత మీదికే పోతుంది.

నిరుడు మీ ఊరొచ్చినప్పుడు మీ పక్కింటాయన జాన్సన్ దగ్గర ఆ అలవాటే నా పరువు తీసింది. తిరుగుతున్న మోటారు పక్కన నిలబడి, పెద్ద తెలిసినవాడిలా టాంకు మూత వదులు చేశాను. తుస్సుమంది, చచ్చిపోయింది. మన టాంకులోకి గాలి రావాలి, వాళ్ళ టాంకులోంచి గాలి పోకూడదు. నువ్వు పక్కనే ఉండి నవ్వావు కూడా.

బొత్తాం నొక్కినా ఆగిపోతే అప్పుడు నిప్పు, అంటే ప్లగ్గు దగ్గర దూకే స్పార్కు చూడాలి. ప్లగ్గు విప్పి ఇంజను ఇనుముకి ఆనించి తాడు లాగడం అందరూ చేసేదే. దాన్ని నమ్మకు. బయట గాలిలో బలహీనమైన నిప్పు కూడా దూకుతుంది, సిలిండర్‌లో ఒత్తిడి మధ్య దూకలేదు. మీ షాపుల్లో ఖాళీ సర్దుకునే స్పార్క్ టెస్టర్ దొరుకుతుంది, పావు అంగుళం ఖాళీ పెట్టి చూడు. నీలంగా, చిటుక్కున చప్పుడు చేస్తూ దూకాలి. నారింజ రంగులో సన్నగా దూకితే అది నిప్పు కింద లెక్క కాదు. చీకటి పడ్డాక, టాంకు దూరంగా పెట్టి చూడు. రెండు సిలిండర్లూ విడివిడిగా చూడాలి.

నిప్పు లేదంటే మోటారు నెత్తిన తిరిగే బరువు చక్రం, ఫ్లైవీల్, తియ్యాలి. దాని కింద ప్లగ్గులకి నిప్పు పుట్టించే రెండు కాయిల్స్ ఉంటాయి. పక్కింటాయన మోటారువి నువ్వు చూశావో లేదో, పైన గట్టి పెంకు వేసవిలో చెరువు అడుగు మన్నులా నెర్రెలిచ్చి ఉంది. ఆ కాలపు జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లకి అది పుట్టుకతో వచ్చిన జబ్బు. నెర్రెలిచ్చిన కాయిల్ చల్లగా ఉన్నప్పుడు పనిచేసి, వేడెక్కాక మానేస్తుంది. పావుగంట తిరిగి ఆగి, చల్లారాక మళ్ళీ స్టార్ట్ అయ్యే మోటారు చాలావరకు కాయిల్ కేసే. నీది అర నిమిషం కేసు కాబట్టి ముందు టాంకు అన్నాను. అయినా ఫ్లైవీల్ తీసినప్పుడు రెండూ మార్చెయ్, మళ్ళీ మళ్ళీ తీసే పని కాదది. రెండు కంపెనీలూ అప్పట్లో ఒకే గొడుగు కింద ఉండేవి కాబట్టి ఎవిన్‌రూడ్ పేరుతో ఉన్న కాయిల్ కూడా పట్టేస్తుంది. ఆ ఎవిన్‌రూడ్ మీ మిల్వాకీవాడే, 1909లో మోటార్ల అమ్మకం మొదలుపెట్టాడు. రెండిటినీ నడిపిన పెద్ద కంపెనీ 2000లో దివాళా తీసింది గానీ కాయిల్స్ ఇప్పటికీ కొత్తవి దొరుకుతున్నాయి.

ఫ్లైవీల్ తియ్యడానికి మధ్యలో మూడు మర రంధ్రాలకి బిగించే పుల్లర్ వాడు. అంచుకి కొక్కేలు తగిలించి లాగితే ఫ్లైవీల్ వంకరపోతుంది. సుత్తితో క్రాంక్ కొన మీద కొట్టావంటే నాతో మాట్లాడకు.

అక్కడే పాయింట్లు, అంటే కాయిల్ కరెంటుని కలిపి విడగొట్టే చిన్న బిళ్ళలు, కూడా ఉంటాయి. ఏళ్ళ తరబడి మూలన పడున్న మోటారుకి వాటి మీద కంటికి కనపడని తుప్పు పొర పడుతుంది. మాకిక్కడ ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలకే జూన్ 15 తెల్లవారుజామున ఒడ్డు పొడుగునా తాళ్ళు లాగేవాళ్ళ తిట్లు వినపడతాయి, నీది ఎన్నేళ్ళు మూలనుందో. సన్నటి ఆకురాయితో ఒక్కసారి రుద్ది, శుభ్రమైన తెల్ల కాగితం ముక్క మధ్యలో పెట్టి లాగు. కాగితం మీద నల్ల గీత పడనంతవరకూ లాగుతూనే ఉండు. వేలి జిడ్డు తగిలితే మళ్ళీ మొదటికే. బిళ్ళల మధ్య ఖాళీ అంగుళంలో వెయ్యో వంతులు ఇరవై ఉండాలి.

టాంకూ నిప్పూ బాగుండి కూడా మొరాయిస్తేనే కార్బరేటర్. దాంట్లో ఫ్లోటు బెండుది. ఇథనాల్ కలిసిన పెట్రోలుకి దాని పూత కరిగి, బెండు పెట్రోలు తాగి బరువెక్కుతుంది. ముందున్న సూది మరలు విప్పేముందు ఎన్ని చుట్లు లోపలికి పోతాయో లెక్కపెట్టి రాసుకో, కొసకి తగిలాక బిగించకు.

పెట్రోలులో కలిపే ఆయిల్ సంగతిలో సీసా మీద 50కి 1 అని ఉంటే నమ్మకు. నీ మోటారుకి 24కి 1. ఆరు గ్యాలన్లకి ఒక క్వార్టు, ఇథనాల్ లేని పెట్రోలులో. పొగ వస్తుంది, రానీ.

నీళ్ళు లేకుండా ఒక్క నిమిషం కూడా తిప్పకు, నీళ్ళు తోడే రబ్బరు చక్రం, ఇంపెల్లర్, కాలిపోతుంది. డ్రమ్ములో నీళ్ళు పంపు మునిగేంత ఉండాలి. మన మోటార్లకి పక్కనుంచి నీటి ధార వస్తుందే, దీనికి అలాంటిది లేదు. కాలు వెనక ఉన్న రంధ్రాల్లోంచి పొగతోపాటు తుంపర పడుతోందా లేదా చూసుకోవాలి.

రేపు బొత్తాం పరీక్ష ఒక్కటే చెయ్యి, ఇంకేమీ ముట్టుకోకు. వీడియో తియ్యి, ఈసారి ఫోను టాంకు వైపు పెట్టు. మీకు రాత్రి ఎనిమిదైతే నాకు పొద్దున ఆరున్నర, అప్పటికి కాఫీ తాగి కూర్చుంటాను.

మీ పెదనాన్న