కాయ కడిగే ముందు, మందు కొట్టేవాడి గురించి కూడా అడగండి

"కూరగాయలు ఉప్పునీళ్లలో నానబెడితే పురుగుమందులు పోతాయా?" అని అడిగారు. కొంత పోతాయి. పైన అంటుకున్నది కుళాయి కింద చేత్తో రుద్ది కడిగితే తగ్గుతుంది, తొక్క తీస్తే ఇంకాస్త తగ్గుతుంది. ఉప్పు వల్ల ఎంత తేడా ఉంటుందో నాకు కచ్చితంగా తెలీదు. కానీ మోనోక్రోటోఫాస్, ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగుమందులు మొక్క లోపలికి ఇంకిపోయే రకం. కాయ లోపల ఉన్నదాన్ని ఏ నీళ్లతో కడుగుతారు?

విశాఖలో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఈ ప్రశ్న ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. ప్రతిసారీ మన కంచం గురించే. ఆ మందు కొట్టినవాడు ఎలా ఉన్నాడని ఒక్కరూ అడగరు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

మా చిన్నాన్నది పద్మనాభం వైపు ఊరు. వంగ, బెండ, కాకర వేస్తాడు. ఒక ఏడు వంగకి కాయతొలుచు పురుగు విపరీతంగా పట్టింది. అది కాయలోకి దూరిపోయాక పైన ఎంత కొట్టినా దానికి తగలదు. అయినా కొడుతూనే ఉంటారు, ఎందుకంటే మందుల కొట్టువాడు రెండు రకాలు కలిపి కొట్టమని సీసాలు చేతిలో పెడతాడు, ఊళ్లో సలహా చెప్పేదీ అతనే, అప్పిచ్చేదీ అతనే. సరే, ఎండెక్కాక మొదలుపెట్టాడు. లుంగీ, వట్టి కాళ్లు, మూతికి తువ్వాలు, గాలి ఎదురు. నాజిల్‌కి చెత్త అడ్డుపడితే నోటితో ఊదాడు. ట్యాంకు మూత దగ్గర కారి వీపంతా తడిసిపోతే చెమట అనుకున్నాడట.

మధ్యాహ్నానికి గట్టు మీద కూలబడిపోయాడు. నేను వెళ్లేసరికి నోట్లోంచి చొంగ కారుతోంది, చొక్కా పిండితే నీళ్లు వచ్చేలా ఉంది, "కళ్లు మసకరా, ఏమీ కనపడట్లేదు" అంటున్నాడు. పక్క పొలం ఆయన వడదెబ్బ అని తేల్చేశాడు. మా పిన్ని మాత్రం ఏమనుకుందో గాని మందు సీసా కొంగులో చుట్టుకుని మాతో పాటు కారెక్కింది. ఆస్పత్రిలో డాక్టరు టార్చి వేసి కళ్లు చూశారు, కంటిపాపలు ఆవగింజంత అయిపోయాయి. మొదటి ప్రశ్న "ఏం మందు?" పిన్ని సీసా ఇచ్చింది. మోనో, అంటే మోనోక్రోటోఫాస్. బట్టలు విప్పించి, ఒళ్లంతా సబ్బుతో కడిగించి, విరుగుడుగా అట్రోపిన్ ఎక్కించడం మొదలుపెట్టారు. ఈ జాతి మందులు నరాలు పనిచేయడానికి కావలసిన ఒక ఎంజైమును ఆపేస్తాయని, తాగక్కర్లేదు, చర్మంలోంచే ఒంట్లోకి వెళ్తాయని ఆయన చెప్పారు.

చిన్నాన్న బతికాడు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాళ్‌లో పత్తికి మందు కొట్టినవాళ్లు 20 మందికి పైగా బతకలేదు. 2013లో బీహార్‌లో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు చూడండి, వాళ్ల వంటనూనెలో కలిసింది కూడా ఈ మోనోనే. కూరగాయల మీద వాడకూడదని ప్రభుత్వం ఎప్పుడో చెప్పిన మందు అది. మరి వంగ రైతని తెలిసి కూడా ఆ కొట్టువాడు ఎలా అమ్మాడు?

సీసా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చల్లో ఒక రంగు ముక్కోణం ఉంటుంది, ఎరుపైతే అన్నిటికంటే ఘాటైన విషం. దీని అర్థం మా ఊళ్లో చదువుకున్నవాళ్లకే తెలీదు. కొట్టాక ఇన్ని రోజులు కాయ కోయకూడదని చీమ తలకాయంత అక్షరాల్లో రాస్తారు. వంకాయ మూడు నాలుగు రోజులకోసారి కోయాల్సిందే, అన్ని రోజులు ఆగితే ముదిరిపోతుంది. ఇక మనం! ఎంవీపీ కాలనీ రైతుబజారులో కాయ తిప్పి తిప్పి చూసి, చిన్న చిల్లు కనపడితే పక్కన పడేస్తాం. మెరిసే కాయే కావాలి అంటే రైతు కోతకి ముందురోజు కూడా కొడతాడు.

కాకర పువ్వు విచ్చుకునేది పొద్దున, తేనెటీగ వచ్చేది పొద్దున, చాలామంది మందు కొట్టేదీ అప్పుడే. తేనెటీగలు చచ్చాక పిందె పడలేదని ఏడుపు. ఖాళీ ట్యాంకు గెడ్డలో, అంటే వాగులో కడుగుతారు, ఆ నీళ్లు గోస్తని నదిలో కలిసి భీమిలి దగ్గర సముద్రంలోకి పోతాయి. సైపర్‌మెత్రిన్ లాంటి మందులు చేపలకి బాగా తక్కువ మోతాదులోనే విషం.

ఇప్పుడు చిన్నాన్న వంగలో లింగాకర్షక బుట్టలు పెడతాడు, ఆడ పురుగు వాసనకి మగ రెక్కల పురుగులు వచ్చి అందులో పడతాయి. పురుగు దూరి తల వాల్చిన కొమ్మలు తుంచి కాల్చేస్తాడు, అవసరమైతే వేపనూనె కొడతాడు. మొదటి పంటలో కాయ తగ్గింది, నిజమే. తరవాత కుదురుకుంది. పుచ్చులు ఇప్పటికీ ఉంటాయి, వాటిని ఇంట్లో కోసి వండుకుంటారు.

మీ వాళ్లెవరైనా వ్యవసాయంలో ఉంటే ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పండి. మందు కొట్టాక చెమట, చొంగ, చూపు మసక అయితే వడదెబ్బ అనుకోవద్దు. తడిసిన బట్టలు విప్పేయాలి, సబ్బుతో ఒళ్లు కడగాలి, కడిగేవాళ్లు తమ చేతులకి అంటకుండా చూసుకోవాలి. 108కి ఫోన్ చేయాలి, ఆస్పత్రికి వెళ్లేటప్పుడు సీసా కూడా పట్టుకెళ్లాలి.