ఒక్క కాలనీని నమ్ముకోకు

అమ్మలూ,

కోపెన్‌హేగన్‌లో పీహెచ్‌డీ సీటు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, చాలా సంతోషం. నువ్వు పంపిన ప్రాజెక్టు కాగితం రాత్రి కూర్చుని మొత్తం చదివాను. సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్లో చిక్కటి కఫం పేరుకునే పుట్టు జబ్బు) రోగుల ఊపిరితిత్తుల్లో సూడోమోనాస్ ఏరుజినోసా అనే బ్యాక్టీరియా ఎలా మారుతుంది, మందులకు ఎలా లొంగకుండా పోతుంది అన్నది నీ ప్రశ్న, బాగానే ఉంది. కానీ పద్ధతుల దగ్గర "రోగికి ఒక ఐసోలేట్" అని, అంటే ఒక్కో రోగి నుంచి ఒక్క కాలనీయే తీసి పెంచుతానని రాసేశావు. అక్కడే నాకు మనసొప్పలేదు.

ఏళ్ల తరబడి సూడోమోనాస్ ఉన్న రోగి కఫాన్ని ప్లేటు మీద స్ట్రీక్ చేసి (గీతలుగా పూసి) చూడు. ఒకచోట మ్యూకాయిడ్ (జిగురు) కాలనీలు చీమిడిలా పేరుకుని ఉంటాయి, ప్లేటు వంచితే జారతాయి, లూప్‌తో లాగితే తీగ సాగుతుంది. పక్కనే పచ్చ రంగు వదులుతూ మగ్గిన ద్రాక్ష వాసన కొట్టే కాలనీలు. మూడో రోజుకు గానీ కంటికి ఆనని చిన్న చిన్న చుక్కలు కొన్ని, అవి తరచూ ఆ జిగురు కిందే దాక్కుంటాయి. అన్నీ ఒకే రోగివి, ఒకే ఉదయం తీసినవి, చాలాసార్లు ఒకే వంశానివి కూడా. ఒకదానికి టోబ్రామైసిన్ అనే యాంటీబయాటిక్ ఎంఐసీ (పెరగకుండా ఆపే కనీస మోతాదు) 2 వస్తే పక్కదానికి 64 రావచ్చు. అందుకని ప్రతి రూపం నుంచీ కొన్ని కాలనీలు తియ్యి, ప్లేట్లను తొందరపడి పారెయ్యకు, నాలుగైదు రోజులు ఉంచు. తీసినవాటిని ఆ రోజే గ్లిసరాల్‌లో మైనస్ 80లో పెట్టెయ్. ప్లేటు నుంచి ప్లేటుకు మారుస్తూ పోతే మ్యూకాయిడ్‌వి మామూలు రూపానికి తిరిగిపోతాయి, నువ్వు రాసేది రోగి గురించి కాదు, నీ ఇంక్యుబేటర్ గురించి అవుతుంది. 1950లలో మెల్బోర్న్‌లో ఒక రోగి పుండు నుంచి తీసిన పీఏఓ1 అనే, ల్యాబుల్లో అందరూ వాడే స్ట్రెయిన్ కూడా ఇవాళ ల్యాబుకో రకంగా ఉంది మరి.

ఇంత తేడా ఎందుకంటావా? ఆ ఊపిరితిత్తుల్లో ఇవి బయటి నుంచి జన్యువులు తెచ్చుకోవడం తక్కువ, ఉన్నవాటినే పాడుచేసుకోవడం ఎక్కువ. మ్యూక్-ఏ జన్యువు చెడితే ఆల్జినేట్ జిగురు వస్తుంది. మెక్స్-జెడ్ చెడితే మందును బయటికి తోసే పంపు ఆగకుండా నడుస్తుంది. ఓపీఆర్-డీ పోతే ఇమిపెనెమ్ అనే మందు లోపలికి వెళ్లే దారి మూసుకుపోతుంది. డీఎన్‌ఏ తప్పులు దిద్దే మ్యూట్-ఎస్ లాంటివి చెడితే ఇక పట్టపగ్గాలుండవు. 2000లో స్పెయిన్ వాళ్లు చూస్తే మూడో వంతుకు పైగా రోగుల్లో అలాంటి హైపర్‌మ్యూటేటర్లు (మామూలు కన్నా చాలా వేగంగా మారేవి) కనిపించాయి.

వైరులెన్స్ (జబ్బు చేసే శక్తి) విషయంలో ఇంకా జాగ్రత్త. హైదరాబాద్‌లో కార్నియా పుండ్లలో ఇదే బ్యాక్టీరియాను చూశాను, అక్కడ కణజాలాన్ని కోసే ఎలాస్టేజ్, కణాల్లోకి గుచ్చి ఎక్కించే టైప్ త్రీ విషాలు అన్నీ ఒకేసారి వదిలి రోజుల్లో కన్ను పోగొట్టేస్తుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో పాతుకుపోయాక మాత్రం తోక వదిలేస్తుంది, విషాలు తగ్గిస్తుంది, ఆ విషాలను నడిపించే లాస్-ఆర్ జన్యువును పోగొట్టుకుంటుంది. ల్యాబుల్లో ప్రయోగాలకు వాడే గలేరియా పురుగులకు ఎక్కిస్తే అవి చక్కగా బతికేస్తాయి. అది చూసి "బలహీనపడిన స్ట్రెయిన్" అని రాశావో, నేనే ఒప్పుకోను! లాస్-ఆర్ పోయిన స్ట్రెయిన్లున్న రోగుల్లో ఊపిరి పరీక్షలు మరింత దిగజారినట్టు అమెరికా వాళ్లు చూపించారు. పురుగు కొన్ని రోజుల్లో చచ్చిందా లేదా అన్నది ఒక ప్రశ్న, మనిషి ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు పోగుపడి కణజాలాన్ని తినెయ్యడం వేరే ప్రశ్న. రెండింటికీ ఒకే మాట వాడకు.

ఎంఐసీ మీద కూడా మరీ భక్తి వద్దు. ఈ రోగుల్లో ల్యాబ్ రిపోర్టు "ససెప్టిబుల్" అన్నా మందు పనిచెయ్యకపోవడం, "రెసిస్టెంట్" అన్నా మనిషి తేరుకోవడం డాక్టర్లకు అలవాటైపోయిన సంగతే. బయోఫిల్మ్‌లో (జిగురు పొరలో గుంపుగా) ఉన్నది ఊరికే నిద్రపోతూ కూడా మందును తట్టుకుంటుంది, దానికి మ్యుటేషనే అక్కర్లేదు. పైగా పీల్చే టోబ్రామైసిన్ కఫంలో చేరే మోతాదు రక్తంలోకి ఎక్కించినప్పటి కన్నా ఎన్నో రెట్లు, కాబట్టి రక్తం లెక్కన పెట్టిన హద్దులు దానికి అతకవు. ఎంఐసీ చూసే ద్రవం, మ్యూలర్ హింటన్ బ్రాత్‌లో కాల్షియం, మెగ్నీషియం సరిచూసుకో, తేడా వస్తే టోబ్రామైసిన్ లాంటి అమైనోగ్లైకోసైడ్ మందుల అంకెలన్నీ గల్లంతు. నెమ్మదిగా పెరిగేవి అసలు అందులో మొలవకపోవచ్చు. అలాంటివి "పెరగలేదు" అని రాసుకో, "పని చేసింది" అని కాదు.

ఈ రోగుల్లోనే కనిపించే ఇంకో బ్యాక్టీరియా, బర్క్‌హోల్డేరియా వచ్చిందంటే వేరే బెంచి, వేరే రోజు. ఉల్లిగడ్డను కుళ్లబెట్టేదని 1950లో బర్క్‌హోల్డర్ గుర్తించిన జీవి ఇది. ఆ గుంపులో సెనోసెపాసియా లాంటివి కొందరు రోగుల్లో వారాల్లోనే ప్రాణం తీస్తాయి, కొలిస్టిన్ అనే మందుకు పుట్టుకతోనే లొంగవు. పేరు తప్పు పెడితే ఆ రోగిని మిగతా రోగుల నుంచి వేరుచేస్తారు, ఊపిరితిత్తుల మార్పిడి ఆశ కూడా పోవచ్చు. బ్యాక్టీరియాను ప్రొటీన్ల బట్టి గుర్తించే మాల్డీ యంత్రం చెప్పిన పేరుతో ఆగిపోకు, రెక్-ఏ జన్యువు సీక్వెన్స్ చేసి గానీ ఎవరికీ చెప్పకు.

ఇంకో సంగతి. 2019లో అమెరికాలో ఈ జబ్బుకు ట్రైకాఫ్టా అనే మందు వచ్చాక చాలామందికి కఫమే రావడం తగ్గిపోయింది, నీకు కొత్త శాంపిళ్లు దొరకడం కష్టం. బ్యాక్టీరియా పోయిందని కాదు, చాలామందిలో ఇంకా ఉంటూనే ఉంది, గొంతు స్వాబ్‌తో పట్టుకోవడం తలనొప్పి. అయితే నువ్వు వెళ్తున్న ఊళ్లో 1970ల నుంచి దాచిన ఐసోలేట్లున్నాయి, డీకే2 అనే వంశం ఒక రోగి నుంచి ఇంకో రోగికి పాకుతూ దశాబ్దాల పాటు ఎలా మారిందో వాటి నుంచే బయటపెట్టారు. చేరగానే ఆ ఫ్రీజర్ కేటలాగ్ అడిగి చూడు. ఏ ఏడాది శాంపిల్ నుంచి ఎన్ని కాలనీలు దాచారో ముందు అది కనుక్కో, ఒకటే దాచిన ఏళ్లను పోలికల్లో విడిగా పెట్టు. మొదటి బ్యాచ్ ప్లేట్ల ఫోటోలు వాట్సాప్‌లో పడెయ్, నా కళ్లకు సరిగ్గా ఆనాలంటే పెద్దవి చేసి పంపు.

మీ పెద్దమ్మ