వేరు నోడా, మొదలు నోడా?

సందేహం: లినక్స్ కెర్నెల్‌లోని బీటీఆర్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్లను దాచి, వెతికిపెట్టే ఏర్పాటు) గురించి తెలుగులో వ్యాసం రాస్తున్నాను. అది సమాచారాన్ని చెట్టు ఆకారంలో పేర్చుకుని వెతుక్కుంటుంది. ఆ చెట్టులో ఒక్కో కణుపును నోడు అంటారు, అన్నిటికీ మూలమైనదాన్ని ఇంగ్లీషులో రూట్ నోడ్ అంటారు. ‘వెతుకులాట ప్రతిసారీ వేరు నోడు నుంచి మొదలై ఆకు నోడు దాకా ఎక్కుతుంది’ అని రాస్తే, చదివినవాళ్లు తికమకపడ్డారు. తప్పెక్కడుంది?

సమాధానం: ‘వేరు’ దగ్గరే ఉంది. వేరు కాపురం, వేరు కుంపటి విన్న చెవికి ‘వేరు నోడు’ అంటే ఇంకో నోడు అనే తోస్తుంది. పైగా చెట్టుకు వేళ్లు బోలెడు, మీ చెట్టుకు రూట్ ఒక్కటే. దానికి సరిపోయే మాట ‘మొదలు’. చెట్టు మొదట్లో నీళ్లు పోశాం అంటామే, ఆ మొదలు. అయితే ‘మొదటి నోడు’ అని మాత్రం రాయకండి, వరసలో ఒకటోది అనుకుంటారు. ‘మొదలు నోడు’ అనండి.

ఈ మాట మీ విషయానికి ఇంకోలా కూడా కుదిరింది. ఆ ఫైల్ సిస్టమ్‌లో ఒక్కో నోడు మామూలుగా 16 కిలోబైట్లు. అందులో గడుల్లో వరసగా పేర్చిన ‘కీ’లను, అంటే ఏ సమాచారం ఎక్కడుందో పోల్చుకునే గుర్తులను, సగానికి సగం వడగట్టుకుంటూ వెతికి, కింది నోడుకు దారి పట్టాలి. తర్వాత కావలసిన కీ అదే ఆకులో పక్కనే ఉన్నా, మళ్లీ పైనుంచి వెతికితే కథ మొదటికొచ్చినట్టే కదా! వేగం పెంచడమంటే చాలావరకు అలా మొదటికి రాకుండా చూసుకోవడమే. వచ్చిన దారిని గుర్తుపెట్టుకుని పక్క గడికి జరిగితే సరిపోతుంది. ఇంకో చిట్కా కూడా ఆ కోడ్‌లో ఉంది. పై నోడులోనే అచ్చంగా ఆ కీ తగిలితే, అక్కణ్నుంచి కిందికి ప్రతి నోడులోనూ అది మొట్టమొదటి గడిలోనే ఉంటుంది. ఇక వెతకక్కర్లేదు, నేరుగా దిగిపోవచ్చు.

చూశారా, ‘దిగిపోవచ్చు’ అన్నాను. బొమ్మలో మొదలు పైన, ఆకులు కింద ఉంటాయి. వంశవృక్షంలోనూ అంతే, ముత్తాత పైన, మునిమనవలు కింద. కాబట్టి ‘ఎక్కుతుంది’ కుదరదు.

‘పత్రం’ అనకుండా ‘ఆకు’ అన్నారు, చాలా బాగుంది. ఫైళ్ల గురించి రాసేచోట పత్రమంటే ఏ దస్తావేజో అనుకునేవారు.

మీ వాక్యాన్ని ఇలా మార్చుకోండి: ‘వెతుకులాట ప్రతిసారీ మొదలు నోడు దగ్గర బయల్దేరి ఆకు నోడు దాకా దిగుతుంది.’